రెండో ఆర్డరు లెక్క: చిన్న వ్యాపారాలు ఆన్‌లైన్‌లో నిలబడేది ఎక్కడ

ఆన్‌లైన్‌లో దుకాణం తెరవడం ఇప్పుడు పెద్ద పని కాదు. ఒక ఫోను, వాట్సాప్ బిజినెస్ నంబరు, యూపీఐ క్యూఆర్ ఉంటే సాయంత్రానికల్లా అమ్మకం మొదలుపెట్టొచ్చు. గుంటూరు, విజయవాడ ఇళ్లలోంచి పచ్చళ్లు, ఆత్రేయపురం నుంచి పూతరేకులు, మంగళగిరి, పోచంపల్లి, చీరాల నుంచి చీరలు ఈ దారిలోనే దేశమంతా వెళ్తున్నాయి. ఉత్సాహంగా మొదలుపెట్టి ఏడాది తిరక్కుండా ఆపేసినవాళ్లు కూడా ప్రతి ఊళ్లో కనిపిస్తారు. సరుకు బాగాలేకనో, గిరాకీ లేకనో ఆపేశారనుకుంటే పొరపాటు. ఆర్డర్లు వస్తూనే ఉంటాయి, నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలదు. చిన్న వ్యాపారి పెద్ద కంపెనీలతో పోటీపడగలడా అన్న ప్రశ్నకు జవాబు ఆ మిగలకపోవడంలోనే దొరుకుతుంది.

ముందు ఓడిపోయే చోట్లు ఏవో తెలుసుకోవాలి. అదే కంపెనీ, అదే మోడల్ ప్రెషర్ కుక్కర్‌ను దేశంలో వందమంది అమ్ముతుంటారు. కొనేవాళ్ల తెర మీద అందరి ధరలూ పక్కపక్కనే కనిపిస్తాయి. పది రూపాయలు తక్కువున్నవాడికే ఆర్డరు. ఫోన్ కవర్లు, ఛార్జర్లు, బ్రాండెడ్ సబ్బులు, పిల్లల డైపర్లు ఇవన్నీ అంతే. వేల పెట్టెలు ఒకేసారి కొనేవాడికి దొరికే ధర చిన్న దుకాణానికి దొరకదు. నిమిషాల్లోనే ఇంటికి చేర్చే బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ లాంటివి వచ్చాక వేగంలోనూ పోటీ కష్టమైంది. ఇలాంటి సరుకున్న దుకాణదారు దేశమంతా అమ్మాలని ఆరాటపడే కంటే, తన వీధిలోవాళ్లకు ఫోన్ మీద సరుకు పంపడం, కుక్కర్ గాస్కెట్ మార్చి ఇవ్వడం, గూగుల్ మ్యాప్‌లో దుకాణం పేరు, వేళలు, ఫోటోలు సరిగ్గా పెట్టుకోవడం మేలు. ఆ నమోదుకు పైసా ఖర్చు లేదు. చాలా దుకాణాలు ఆ ఒక్క పనీ చేయలేదు.

గెలిచే అవకాశం ఉన్నది పక్కనున్న దానితో సరిపోల్చలేని సరుకులో. ఒక ఇంటి ఆవకాయకు ఇంకో ఇంటి ఆవకాయతో ధరలో పోలిక పెట్టలేం. నూనె ఏది, కారం ఎక్కడిది, ఆవపిండి ఎంత, వెల్లుల్లి వేశారా లేదా అన్నదాన్ని బట్టి రుచి మారుతుంది. ఒకసారి నోటికి నచ్చితే మళ్లీ అక్కడికే వస్తారు. చేనేత చీర అయినా, ఏటికొప్పాక లక్క బొమ్మ అయినా అంతే. అయితే సరుకు ప్రత్యేకమైనదైనంత మాత్రాన లెక్క కుదరదు.

ఒక అర కిలో ఆవకాయ ఆర్డరు తీసుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు, ఊరిని బట్టి మారతాయి. అమ్మకం ధర 300 రూపాయలు. మామిడికాయ, నూనె, కారం, కూలి కలిపి 130. సీసా, మూతకు సీలు, బబుల్ ర్యాప్, అట్టపెట్టె 35. సీసా, పెట్టె బరువుతో పార్శిల్ అర కిలో దాటుతుంది కాబట్టి కొరియర్ కిలో ధర వేస్తుంది, అది 80 అనుకుందాం. మిగిలేది 55 రూపాయలు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ప్రకటనల ద్వారా ఒక కొత్త కస్టమర్‌ను తెచ్చుకోవడానికి 60 రూపాయలు ఖర్చయితే ఆ ఆర్డరులో 5 రూపాయల నష్టం. ఆర్డర్లు పెరిగే కొద్దీ నష్టమూ పెరుగుతుంది. బయటినుంచి చూసేవాళ్లకు వ్యాపారం జోరుగా సాగుతున్నట్టే ఉంటుంది.

అదే ఇంటివాళ్లు నెల తర్వాత ఫోన్ చేసి ఆవకాయ, గోంగూర, టమాటా, పండుమిర్చి నాలుగు రకాలూ అర కిలో చొప్పున పంపమన్నారనుకుందాం. అమ్మకం 1,200. సరుకు ఖర్చు 520, ఒకే పెట్టెలో సర్దితే ప్యాకింగ్ 100, కొరియర్ 180. మిగిలేది 400 రూపాయలు, ప్రకటన ఖర్చు లేదు. ఈ రెండు ఆర్డర్ల మధ్య తేడాలోనే చిన్న వ్యాపారం బతుకు ఉంది. మొదటి ఆర్డరు కస్టమర్‌ను పరిచయం చేసుకోవడానికి పెట్టే ఖర్చు. లాభం రెండో ఆర్డరు నుంచి మొదలవుతుంది. కాబట్టి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు రోజూ చూసుకోవాల్సిన అంకె ఫాలోవర్ల సంఖ్య కాదు. ఈ నెల వచ్చిన వంద ఆర్డర్లలో పాతవాళ్లవి ఎన్ని? ఈ ఒక్క ప్రశ్నకు నోట్‌బుక్ చూసి జవాబు చెప్పగలిగితే వ్యాపారం ఎటు పోతోందో తెలిసిపోతుంది.

కొరియర్ బిల్లులో ఇంకో మెలిక ఉంది. పార్శిల్‌ను తూకం వేయడంతో ఆగరు, పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా లెక్క కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా సంస్థలు 5,000తో భాగిస్తాయి. అసలు బరువు, ఈ లెక్కలో వచ్చిన బరువు ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 30, 20, 20 సెంటీమీటర్ల పెట్టె అంటే 2.4 కిలోలు. అందులో కిలో అప్పడాలో, వడియాలో పెట్టినా రెండున్నర కిలోల ధర పడుతుంది. పూతరేకులది ఇదే ఇబ్బంది: తేలిక, కానీ నలిగిపోకుండా ఉండాలంటే పెద్ద పెట్టె కావాలి. అందుకే అనుభవమున్నవాళ్లు ముందు పెట్టె కొలతలు ఖాయం చేసుకుని, దానికి తగ్గట్టు ఎన్ని ముక్కలు, ఎన్ని పొట్లాలు అన్నది నిర్ణయిస్తారు. తెలుగు రాష్ట్రాల్లోపల పంపేటప్పుడు ఆర్టీసీ కార్గో, లాజిస్టిక్స్ సేవలు చాలా ఊళ్లకు చవకగా పడతాయి. ఇంటిదాకా రాకపోయినా బస్టాండులో తీసుకోవడానికి ఇక్కడివాళ్లు అలవాటు పడినవాళ్లే.

క్యాష్ ఆన్ డెలివరీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. డబ్బు ముందే పంపడానికి జనం భయపడతారు, ఆ భయంలో న్యాయం ఉంది. అందుకని సరుకు చేరాక డబ్బు తీసుకుందామని మొదలుపెడతారు. పార్శిల్ వెళ్తుంది. తీరా చూస్తే ఫోన్ ఎత్తరు, ఇంట్లో లేమంటారు, మనసు మారిందంటారు. పెట్టె తిరిగి వస్తుంది. అమ్మేవాళ్లు దీన్ని ఆర్‌టీఓ (రిటర్న్ టు ఆరిజిన్) అంటారు. వెళ్లిన ఛార్జీ, వచ్చిన ఛార్జీ రెండూ వ్యాపారి నెత్తినే. వందలో 20 తిరిగొచ్చి, ఒక్కోదానికి 150 రూపాయలు పోతే 3,000 నష్టం. అది మిగతా 80 ఆర్డర్ల మీద పడితే ఒక్కోదాని మీద 37 రూపాయల 50 పైసలు. పైన లెక్కలో మిగిలిన 55లో మూడింట రెండు వంతులు అక్కడే పోయాయి. పచ్చడి అయితే పది రోజులు ఎండలో తిరిగొచ్చిన సీసాను ఇంకొకరికి పంపడం తప్పు, పారేయాల్సిందే.

దీనికి మందు ఉంది. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపు మీద 2020 జనవరి నుంచి వ్యాపారికి ఎండీఆర్, అంటే డబ్బు తీసుకున్నందుకు వ్యాపారి దగ్గర కోసుకునే ఛార్జీ, లేదు. కాబట్టి ముందే డబ్బు కట్టినవాళ్లకు 30, 40 రూపాయలు తగ్గించినా వ్యాపారికి లాభమే. మొత్తం ముందే కట్టడానికి జంకేవాళ్లను కొరియర్ ఖర్చు మేరకు అడ్వాన్స్ అడగొచ్చు. పార్శిల్ కట్టే ముందు ఒక్క ఫోన్, "అమ్మా, మీ ఆర్డరు రేపు పంపిస్తున్నాం, అడ్రస్ ఇదేనా?" అని అడిగితే ఉత్తుత్తి ఆర్డర్లు అక్కడే రాలిపోతాయి. పెద్ద కంపెనీ ప్రతి కస్టమర్‌కూ ఇలా ఫోన్ చేయలేదు. రోజుకు ముప్పై ఆర్డర్లున్న ఇంటి వ్యాపారం చేయగలదు. ఆ ఫోన్‌లోనే కారం తక్కువ కావాలా, వెల్లుల్లి లేనిది కావాలా అని తెలుస్తుంది. రెండో ఆర్డరుకు విత్తనం పడేది కూడా అక్కడే.

చీరల సంగతి వేరు. పచ్చడి బాగోకపోతే మూడు వందలు పోతాయి, చీర తేడా వస్తే ఎనిమిది వేలు పోతాయి. పైగా ఫోటోలో చేనేతకూ మరమగ్గానికీ, నేసిన ఇక్కత్‌కూ అచ్చు వేసిన ఇక్కత్ డిజైన్‌కూ తేడా తెలియదు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం కూడా వచ్చింది. అయినా ఆ డిజైన్ ప్రింట్ చేసిన చీర వెయ్యి రూపాయలకే తెర మీద పక్కన నిలబడితే, అసలు చీర ఖరీదు ఎక్కువలా కనిపిస్తుంది. ఇక్కడ నేత కుటుంబం పోటీపడాల్సింది ధరతో కాదు, అనుమానంతో.

అనుమానం తీర్చడానికి ఫోన్ కెమెరా బాగా పనికొస్తుంది. ఇక్కత్‌లో నూలుకు ముందే కట్టుకట్టి రంగులద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా పడుతుంది, గీతల అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. ప్రింట్ చీర తిరగేస్తే సాధారణంగా వెనక వైపు వెలిసినట్టు కనిపిస్తుంది. చీర తిరగేసి చూపించే ఇరవై సెకన్ల వీడియో, మగ్గం మీద అదే చీర ఉన్నప్పటి ఇంకో వీడియో, పగటి వెలుగులో తీసిన ఫోటో ఉంటే కొనేవాళ్లకు తామే పరీక్షించుకున్నంత ధైర్యం వస్తుంది. అసలు పట్టు అని చెప్పడానికి సిల్క్ మార్క్ లేబుల్, చేనేత అని చెప్పడానికి హ్యాండ్లూమ్ మార్క్ చూపించాలి. ఫిల్టర్లు వేసి రంగు మెరిపిస్తే ఆ క్షణానికి లైకులు వస్తాయి, చీర చేరాక గొడవ మొదలవుతుంది. అరిటాకు పచ్చ అని చెప్పి చిలకపచ్చ పంపితే ఆ కస్టమర్ మళ్లీ రారు.

ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లలో చీరలమ్మే పద్ధతి తెలుగునాట బాగా పాతుకుంది. "నచ్చినవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయండి", "సింగిల్ పీస్ మాత్రమే", "ఓపెనింగ్ వీడియో తప్పనిసరి" అన్న మాటలు వినని ఇల్లు తక్కువ. దుకాణంలో చీర మీద చీర పరిచి చూపించే పద్ధతి ఫోన్‌లోకి యథాతథంగా వచ్చింది, అందుకే ఆడవాళ్లకు అంత తొందరగా నచ్చింది. అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడే జవాబు దొరుకుతుంది. పెద్ద వెబ్‌సైట్‌లో ఈ ముచ్చట లేదు. మెలకువగా నడిపే దుకాణాలు లైవ్ వేళను మార్చవు. వారంలో ఫలానా రోజు, ఫలానా గంటకు అని అలవాటు చేస్తాయి.

కానీ ఈ లాభం ఎవరికి అందుతోంది? చాలామంది నేతన్నలు మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలుతో, ఆయన చెప్పిన డిజైన్‌తో, కూలికి నేస్తారు. చీర పూర్తవగానే అది వాళ్లది కాదు. తమది కాని చీరను ఏ వెబ్‌సైట్‌లో అమ్ముతారు? ఫోన్ చేతిలో ఉండి, సరుకు నిల్వ పెట్టుకోగల స్థోమత ఉన్నవాళ్లకే ఆన్‌లైన్ కలిసొచ్చింది. నేతన్నలకు డిజిటల్ శిక్షణ ఇస్తున్నామని చెప్పే కార్యక్రమాలు ఈ ముక్క దగ్గర ఆగి ఆలోచించాలి. నూలు కొనడానికి, చీర అమ్ముడయ్యేదాకా ఇల్లు గడవడానికి పెట్టుబడి దొరక్కుండా ఫోటో తీయడం నేర్పి లాభం లేదు. పదిమంది కలిసి సంఘంగా నూలు కొని, వాళ్లింట్లోనే చదువుకున్న అమ్మాయో అబ్బాయో ఫోన్, పార్శిళ్లు చూసుకుని, అమ్మిన ప్రతి చీర మీద వాళ్లకూ వాటా ఇస్తే దారి దొరుకుతుంది.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి వేదికలను అసలు వాడొద్దా? వాడాలి, కానీ అవి ఎందుకు ఉన్నాయో మరవకూడదు. కమీషన్ లేదని మీషో 2021లో ప్రకటించింది, తక్కువ ధర వస్తువుల మీద తర్వాత అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ కూడా కమీషన్ ఎత్తేశాయి. అయినా షిప్పింగ్, రిటర్న్ ఛార్జీలు, పైన కనిపించడానికి పెట్టే ప్రకటనల ఖర్చు ఉండనే ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ కొన్న మనిషి వేదికకు కస్టమర్. ఆ మనిషి ఫోన్ నంబరు వ్యాపారి చేతికి రాదు, పార్శిల్‌లో సొంత నంబరు పెట్టి కస్టమర్‌ను తనవైపు లాక్కోవడానికి వేదికలు ఒప్పుకోవు. సీసా మీద సొంత పేరు పెద్దగా, గుర్తుండేలా ఉండొచ్చు. నచ్చినవాళ్లు ఆ పేరు వెతుక్కుని రావాలి, వెతికినప్పుడు గూగుల్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో దొరకాలి. పేరు రిజిస్టర్ చేయించకుండా "అమ్మమ్మ పచ్చళ్లు" లాంటి పేరు పెట్టుకుంటే అదే పేరుతో ఇంకో నలుగురు కనిపిస్తారు, వెతుక్కుంటూ వచ్చినవాళ్లు వాళ్ల దగ్గర కొనేస్తారు.

పన్నుల దగ్గర తెలుగువాళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2014 తర్వాత విజయవాడ నుంచి హైదరాబాద్‌కు పచ్చడి పంపితే అది వేరే రాష్ట్రానికి అమ్మడమే. జీఎస్టీ చట్టం ప్రకారం పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మేవాళ్లు టర్నోవర్ (ఏడాది మొత్తం అమ్మకాలు) ఎంత తక్కువైనా నమోదు చేసుకోవాలి. ప్రభుత్వం జాబితాలో పెట్టిన కొన్ని చేతివృత్తి వస్తువులకు మాత్రం ఒక పరిమితి దాకా మినహాయింపు ఉంది. సొంత రాష్ట్రంలోపలే ఈ-కామర్స్ వేదిక మీద అమ్మేవాళ్లకు, టర్నోవర్ పరిమితి దాటనంతవరకూ నమోదు లేకుండా అమ్ముకునే వెసులుబాటు 2023 అక్టోబర్ 1 నుంచి వచ్చింది. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. వేదికలు వ్యాపారికి ఇచ్చే డబ్బులోంచి జీఎస్టీ కింద అర శాతం, ఆదాయపు పన్ను కింద సాధారణంగా 0.1 శాతం పట్టుకుంటాయి. పన్ను రిటర్న్‌లు వేస్తేనే ఆ డబ్బు వ్యాపారి లెక్కలోకి వస్తుంది. గుంటూరు ఇంట్లో పచ్చళ్లు పెట్టే మహిళ కూకట్‌పల్లిలోని చెల్లెలి అపార్ట్‌మెంట్‌కు నాలుగు సీసాలు అమ్మాలన్నా ఇంత తతంగం ఉండటం అన్యాయంగానే అనిపిస్తుంది. నియమం మార్చాల్సిన అవసరం ఉంది. మారేదాకా ఆడిటర్‌ను ముందే కలవడం క్షేమం.

ఆహారం అమ్మితే కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు తప్పదు. ఆ 14 అంకెల నంబరు, పదార్థాల వివరం, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, శాకాహార గుర్తు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు లేబుల్ మీద ఉండాలి. ఇంటి వంటకు ఇదంతా ఎందుకని చాలామంది వదిలేస్తారు. చట్టం సంగతి అటుంచినా, అపరిచితుల చేతి వంట తినబోయే మనిషికి ఆ లేబుల్ ఒక భరోసా. అదే ఇల్లు, అదే పచ్చడి, లేబుల్ ఉన్న సీసా ఎక్కువ ధరకు అమ్ముడవుతుంది.

2021 డిసెంబర్‌లో కంపెనీగా ఏర్పడిన ఓఎన్‌డీసీ (ఓపెన్ నెట్‌వర్క్ ఫర్ డిజిటల్ కామర్స్) మీద చిన్న వ్యాపారులు చాలా ఆశలు పెట్టుకున్నారు. ఒకచోట సరుకు పెడితే రకరకాల యాప్‌లలో కనిపించే ఏర్పాటు అది, ఒకే వేదిక గుప్పిట్లో ఉండకుండా చేయాలన్న ఆలోచన మంచిది. కానీ కనిపించడం వేరు, నమ్మి కొనడం వేరు. కొత్త కస్టమర్‌కు పేరు తెలియాలి, ఆ పని ఏ ప్రభుత్వ నెట్‌వర్కూ చేసిపెట్టదు. అదనపు అమ్మకాల దారిగా పెట్టుకోవచ్చు, దాని మీదే ఆధారపడటానికి లేదు.

డబ్బు తిరిగొచ్చే కాలం కూడా ముందే చూసుకోవాలి. ఆవకాయ ఏడాదికి ఒకసారి పెట్టేది. మామిడికాయ, కారం, నూనె ఏప్రిల్, మే నెలల్లో కొనాలి, సరుకు పన్నెండు నెలలు అమ్మాలి. వేదికలు పార్శిల్ చేరిన కొన్ని రోజులకు గానీ డబ్బు వేయవు. మధ్యలో ఒక రీల్ వైరల్ అయి వారంలో అయిదు వందల ఆర్డర్లు వస్తే సంబరపడి అన్నీ ఒప్పుకోవడం ప్రమాదం. హడావుడిలో కాయ తడి ఆరకుండా కలిపితే పచ్చడి బూజు పడుతుంది, పాత కస్టమర్లూ పోతారు. "ఈ సీజన్ సరుకు అయిపోయింది, వచ్చే ఏడు ముందే రాసుకుంటాం" అని పేరూ నంబరూ తీసుకోవడం వ్యాపారానికి నష్టమేమీ కాదు.

విదేశాల్లోని తెలుగువాళ్లు ఈ వ్యాపారాలకు పెద్ద ఆసరా, అక్కడ లెక్క 2025లో తలకిందులైంది. అమెరికాలో 800 డాలర్లలోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న ఆగిపోయింది. దానికి నాలుగు రోజుల ముందే మన తపాలా శాఖ అటు పార్శిళ్లు చాలావరకు ఆపేసింది, అక్టోబర్ 15న సుంకం ముందే వసూలు చేసే పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టింది. దసరా చీరలు ఆ మధ్యలోనే ఇరుక్కున్నాయి. అమ్మకానికి పంపే సరుకుకు ఎగుమతి కోడ్ (ఐఈసీ) కావాలి. ఆహారమైతే తయారీదారు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదై, పార్శిల్ చేరకముందే సమాచారం ఇవ్వాలి. ఎవరో బంధువుకు బహుమతిగా పంపినట్టు రాసి అమ్మే అలవాటు ఇకపై ఖరీదైన పొరపాటు అవుతుంది. చీర ధర, కొరియర్, సుంకం మూడూ విడివిడిగా రాసి, డబ్బు తీసుకోకముందే డల్లాస్‌లోని కస్టమర్‌కు వాట్సాప్‌లో పంపాలి. పెట్టుబడి తక్కువున్నవాళ్లు ముందు బెంగళూరు, చెన్నై, ముంబై, పుణేలలోని తెలుగు కుటుంబాల దగ్గర రెండో ఆర్డరు సంపాదించుకుని, ఆ తర్వాతే సముద్రం దాటే సంగతి చూడటం నయం. ఎగుమతి పత్రాల్లో సాయం చేయడానికి 2022 నుంచి తపాలా కార్యాలయాల్లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పనిచేస్తున్నాయి. మొదటి పార్శిల్ కట్టేముందు దగ్గర్లోని కేంద్రంలో ఒకసారి అడిగితే ఏ కాగితాలు కావాలో, ఏ దేశానికి ఏవి వెళ్లవో తెలుస్తుంది.